లారీ సామాను – ఆప్తవాక్యం

చెప్పేవానికి చాదస్తమైతే వినేవానికి వివేకం ఉండాలని మన పెద్దల సామెత. ఆ సామెత పుట్టిన నాటికి డీజిలు ఇంజను లేదు, దానికి అమర్చే విడి సామాను అంగడీ లేదు. అయినప్పటికీ ఆ సామెత నేటికి అక్షరాలా వర్తించే చోటు ఏదని ఎవరైనా అడిగితే, మేము విజయవాడ ఆటోనగర్ పేరే చెబుతాము. అక్కడ ఒక స్పేరు పార్టుల దుకాణం ముందు అరగంట నిలబడితే చాలు. ఈ నాజిల్ వేస్తే ఎత్తులో గేరు మార్చే పని లేదంటాడు ఒకరు. ఈ టర్బో వేస్తే లీటరుకు ఒక కిలోమీటరు అదనమంటాడు మరొకరు. వినేవాడు మాత్రం జేబులోని నోట్లను తడుముకుంటూ ఎవరి మాట నమ్మాలో తెలియక నిలబడి ఉంటాడు. ఆ నిలబడినవాని పక్షాన నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లారీ సామాను గురించి కళాశాల పత్రికలో వ్రాయడం విడ్డూరమని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మా ఇంట ఉన్నది ఒక్కటే లారీ. 2015 మోడల్, పది చక్రాల బండి, సెకండ్ హాండ్‌లో కొన్నది. నాన్నగారు దాని జమాఖర్చులు చూస్తారు, అన్నయ్య నడుపుతాడు. జగ్గయ్యపేట ప్రాంతం నుండి సిమెంటు బస్తాలు హైదరాబాదుకు పోతాయి, తిరుగు ప్రయాణంలో ఏ కిరాయి దొరికితే అది వస్తుంది. మేము ఈ కళాశాలలో కట్టే రుసుము, చెల్లెలి పుస్తకాలు, ఇంటి బియ్యం అన్నీ ఆ చక్రాల నుండి రావలసినవే. నెలకు 8,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 2,000 లీటర్ల డీజిలు త్రాగుతుంది. లీటరు 100 రూపాయలని సులువు లెక్క వేసుకున్నా అది 2 లక్షల రూపాయలు. అందులో నూటికి 5 పాళ్లు మిగిలితే 10,000 రూపాయలు. ఈ లెక్క తెలిసిన ఇంటివారికి సామాను మీద వినవచ్చే ప్రతి పొగడ్తా ఒక ఆశ, ప్రతి అబద్ధమూ ఒక అప్పు.

రెండేళ్ల క్రితం మా బండికి పికప్ తగ్గింది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్లటి పొగ వదులుతూ రెండవ గేరుకు దిగిపోసాగింది. అన్నయ్య వాడుక మాటలో చెప్పాలంటే బండి ఏడవసాగింది. అది మొదలు మా ఇంటికి సలహాలు వరదవలె వచ్చినవి. సలహాలలోని మంచిచెడ్డలు తెలియాలంటే ముందుగా ఇంజను స్వభావం కొంత తెలియాలి.

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. గాలిని మాత్రమే సిలిండరులో గట్టిగా అదిమితే అది నిప్పువలె వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోనికి ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మితే అది తనంతట తానే మండుతుంది. ఎంత ఎక్కువ ఇంధనం చిమ్మితే అంత బలం వస్తుంది గదా అని ఎవరికైనా తోచవచ్చు. అది సగం నిజం. ఒక కిలో డీజిలు పూర్తిగా మండడానికి కనీసం పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. గాలి పెరగకుండా ఇంధనం మాత్రమే పెంచితే కాలని బొగ్గు నల్లటి పొగగా బయటకు పోతుంది, వేడి హద్దు మీరి పిస్టన్ తల కరిగే ప్రమాదం కూడా ఉంటుంది. గాలిని బలవంతంగా లోపలికి తోసేది టర్బో. కనుక బలం పెంచుతామని అమ్మేవారందరూ అమ్మేది ఈ రెండింటిలో ఏదో ఒకటి: ఎక్కువ ఇంధనం, లేదా ఎక్కువ గాలి. మిగిలినవారు అమ్మేది కేవలం నమ్మకం.

మాకు మొదట వచ్చిన సలహా టర్బో మార్చమని. కంపెనీ సామాను ధరలో మూడవ వంతుకే ఒక కొత్త రకం టర్బో దొరుకుతున్నదనీ, దానితో బండి గుర్రమవుతుందనీ ముగ్గురు చెప్పారు. ముగ్గురు వేరువేరు మనుషులు చెప్పిన మాట ఒక్కటే అయితే అది నిజమై ఉంటుందని లోకం భావిస్తుంది. నాన్నగారు మాత్రం ఓపికగా ఒక్కొక్కరినీ అడిగారు. మొదటి పెద్దమనిషి లారీల యజమాని అయినా ఆ సామాను తన బండికి వేయలేదు, బావమరిది చెప్పగా విన్నాడు. ఆ బావమరిది కూడా వేయలేదు, ఒక దుకాణంలో విన్నాడు. రెండవ వ్యక్తి అదే దుకాణానికి బండ్లను పంపి కమీషను తీసుకొనే మనిషి. మూడవ వ్యక్తి నిజంగానే వేయించాడు గాని, వేయించి పన్నెండు రోజులే అయింది. అనగా ముగ్గురు సాక్షులున్నట్లు కనబడినా, మాట పుట్టిన నోరు ఒక్కటే. ఒకే బావిలో నీటిని మూడు బిందెలలో తెచ్చి మూడు బావులని చెప్పినట్లయింది.

ఆ మూడవ వ్యక్తి మా వీధివాడే. అతని కథ ఇక్కడ చెప్పక తప్పదు. టర్బోలోని ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల వరకు తిరుగుతుంది. అంత వేగంలో దానిని నిలిపేది పలుచని నూనె పొర. తయారీలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ నూనె ఇంజను లోనికి పీల్చుకోబడుతుంది. అప్పుడు ఇంజను డీజిలును వదిలి తన నూనెనే తాను త్రాగి మండడం మొదలుపెడుతుంది. తాళం త్రిప్పి కట్టినా ఆగదు, ఎందుకంటే ఆపడానికి అక్కడ నిప్పురవ్వ లేదు. గాలి దారి మూయాలి, లేదా పెద్ద గేరులో వేసి బ్రేకు మీద నిలిచి ఊపిరి ఆడకుండా చేయాలి. నందిగామ దాటిన తరువాత ఒక రాత్రి అతని బండికి అదే జరిగింది. ఇంజను పిచ్చిపట్టినట్లు అరుస్తుండగా, తెల్లటి పొగలో రోడ్డు కనబడకుండా పోగా, అతడు పెద్ద గేరులో వేసి, బ్రేకు తొక్కి, క్లచ్ వదిలి దానిని చంపాడు. ప్రాణాలు దక్కినవి. ఇంజను దక్కలేదు. మరమ్మతుకు అప్పు పుట్టక బండిని అయిన ధరకు అమ్మివేసి, నేడు మరొకరి లారీ మీద జీతానికి పోతున్నాడు.

ఇందులో మమ్మల్ని ఎక్కువగా కలచిన విషయం వేరొకటి ఉన్నది. ఆ సామాను గురించి పన్నెండవ రోజున పదిమందికి ఉత్సాహంగా చెప్పిన ఆ మనిషి, ఇంజను పోయిన తరువాత ఎవరికీ ఏమీ చెప్పలేదు. సిగ్గు కొంత, దుఃఖం కొంత, ఎవరు అడుగుతారులే అన్న నిరాశ కొంత. దుకాణంలో అతని పాత పొగడ్త మాత్రం ఇంకా వినబడుతూనే ఉన్నది. లాభపడినవాడు గట్టిగా మాట్లాడతాడు, నష్టపోయినవాడు అంగడికే రాడు. అందుచేత అంగడిలో వినబడే మాటలన్నీ కూడితే ఏ సామానైనా మంచిదిగానే తోస్తుంది. వినబడని మాటలను వెదకడమే అసలైన విచారణ.

న్యాయశాస్త్రంలో యథార్థజ్ఞానానికి నాలుగు మార్గాలు చెప్పబడినవి. అవి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుని మాట. ఆప్తుడెవరన్న ప్రశ్నకు న్యాయసూత్రాలకు భాష్యం రచించిన వాత్స్యాయనుడు ఇచ్చిన సమాధానం మననం చేయదగినది. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పాలనే కోరిక గలవాడే ఆప్తుడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా సమానమేనని కూడా ఆయన స్పష్టం చేశాడు. కులం, చదువు, వేషం అడగలేదు. ఎరుక, యథార్థం చెప్పాలనే కోరిక, ఈ రెండే అడిగాడు. ఈ మాట తరగతి గదిలో విన్నప్పటి కంటే ఆటోనగర్ షెడ్డులో మాకు బాగా అర్థమైనది.

ఆ షెడ్డు మా బండిని మొదటి నుండి చూస్తున్న ఉస్తాద్‌ది. ఆయన బడిలో చదివింది తక్కువ, ఇంజను మీద చెవి ఆనించి చదివింది ఎక్కువ. షెడ్డు మూలన ఆయన దగ్గర ఒక కర్ర పెట్టె ఉన్నది. పగిలిన టర్బో రెక్కలు, కరిగిన పిస్టన్ తలలు, కొన అరిగిన నాజిళ్లు అందులో ఉంటాయి. వాటిలో కొన్ని ఆయన స్వయంగా బండ్లకు బిగించినవే. ఎవరైనా ఫలానా సామాను వేయమని వస్తే, ఆ పెట్టెలో నుండి దాని అన్నదమ్ముడిని తీసి చేతిలో పెడతాడు. తాను వేసిన సామాను ఎన్ని వేల కిలోమీటర్లకు ఎలా పోయిందో దాపరికం లేకుండా చెబుతాడు. బేరం పోతుందన్న భయం ఆయనకు లేదు. టర్బో సంగతి మేము అడిగినప్పుడు ఆయన అన్న మాట ఇది:

"బాబూ, సామాను బాగుందని చెప్పేవాడిని మూడు అడుగు. నీ బండికే వేశావా? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? దాంట్లో బాగాలేనిది ఏంటి? మూడోదానికి జవాబు లేదంటే వాడు అమ్మేవాడన్నా అయ్యుండాలి, వేసి పది రోజులన్నా కాకుండా ఉండాలి."

ఈ మూడు ప్రశ్నలకు మించిన పరీక్ష మేము ఏ గ్రంథంలోనూ చూడలేదు. అయితే నిజాయితీపరుడు కూడా పొరబడే సందర్భం ఉంటుందని అదే షెడ్డులో తెలుసుకున్నాము.

మాకు వచ్చిన రెండవ సలహా ఒక అయస్కాంతపు పెట్టె. డీజిలు గొట్టానికి దానిని బిగిస్తే ఇంధనం పూర్తిగా కాలి మైలేజి పెరుగుతుందని అమ్మకందారు చెప్పాడు. నెల రోజులు వాడి చూసి, నచ్చితేనే డబ్బు ఇవ్వమన్నాడు. మా బండి అంతవరకు అదే దారిలో, అదే సిమెంటు లోడుతో లీటరుకు 3.8 కిలోమీటర్లు ఇస్తున్నది. పెట్టె బిగించిన నెలలో నాన్నగారి పుస్తకంలో లెక్క 4.1కి చేరింది. అన్నయ్య సంతోషానికి మేర లేదు. అన్నయ్య అబద్ధం ఆడే మనిషి కాదు, కమీషను తీసుకొనేవాడూ కాదు. స్వయంగా చూసినవాడు, ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడు. ఆప్తునికి ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్నవి.

ఉస్తాద్ మాత్రం తల ఊపలేదు. నాన్నగారిని పక్కకు పిలిచి, "ఓనరుగారూ, ఇంకో నెల ఆగండి" అన్నాడు. సర్వీసుకు బండి వచ్చిన రోజున పెట్టెను విప్పి, లోపలి అయస్కాంతాన్ని తీసి, దాని చోట అంతే బరువుగల ఇనుప ముక్కను పెట్టి, పైన యథాప్రకారం బిగించాడు. ఈ సంగతి నాన్నగారికీ మాకూ తెలుసు, అన్నయ్యకు తెలియదు. మరుసటి నెల అయస్కాంతం లేని పెట్టెతో బండి తిరిగింది. పుస్తకంలో లెక్క మళ్లీ 4.1.

విషయం చెప్పినప్పుడు అన్నయ్య కొంతసేపు ఆ ఇనుప ముక్కను చేతిలో త్రిప్పి చూశాడు. పిదప నవ్వి, "అయితే ఆ మైలేజి నా కాలిదే గదా" అన్నాడు. నిజం అదే. పరీక్ష జరుగుతున్నదని తెలిసిన నాటి నుండి అతని కాలు యాక్సిలరేటరు మీద మెత్తబడినది. ముందు బండికి దూరం పాటించాడు, బ్రేకు తొక్కవలసిన అవసరం తగ్గింది, పాడు గేరులో ఇంజనును ఈడ్చడం మానాడు. పెరిగినది అయస్కాంతం వల్ల కాదు, శ్రద్ధ వల్ల. పెట్టెను మర్యాదగా తిరిగి ఇచ్చివేశాము. శ్రద్ధను ఉంచుకున్నాము.

అయస్కాంతం వల్ల అంత మేలు జరగడం అసాధ్యమనడానికి శాస్త్రకారణం కూడా ఉన్నది. మంచి స్థితిలో ఉన్న డీజిలు ఇంజను తనలోనికి వచ్చిన ఇంధనంలో నూటికి 98 పాళ్లకు పైగా ఎలాగూ కాల్చివేస్తుంది. కాలకుండా మిగిలేదే రెండు పాళ్లకు లోపు అయినప్పుడు, పూర్తిగా కాల్చి పదిహేను పాళ్లు మిగిల్చేది ఎక్కడి నుండి? నష్టం అధికంగా జరిగేది పొగగొట్టంలో పోయే వేడిలో, రేడియేటరులో పోయే వేడిలో, గాలి అడ్డులో, టైర్ల రాపిడిలో. 1970వ దశకపు చమురు సంక్షోభం తరువాత అమెరికా దేశంలో ఇటువంటి పరికరాలు వందలాదిగా అంగడికి వచ్చినవి. ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ వందకు పైగా పరికరాలను పరిశీలించగా, మైలేజిని ఏ కొంచెమైనా పెంచినవి కొద్దిపాటివే, గణనీయంగా పెంచినది ఒక్కటీ లేదు. పొగడ్తలు లేక అవి అమ్ముడు పోలేదనుకొంటారా? ప్రతి పెట్టెకూ పొగిడినవారు ఉన్నారు. వారిలో చాలామంది మా అన్నయ్య వంటి సజ్జనులే అయి ఉంటారు.

అందుకే లారీల ఇంధన ఖర్చును కొలవడానికి అక్కడి ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 1980వ దశకం నుండి ఒక పద్ధతిని అమలులో ఉంచింది. ఒకే రకపు రెండు లారీలను తీసుకుంటారు. ఒకదానికి ఏ మార్పూ చేయరు, రెండవదానికే కొత్త సామాను బిగిస్తారు. బిగించకముందు, బిగించిన తరువాత కూడా రెండింటినీ ఒకే దారిలో, ఒకే వేళలో, ఒకే లోడుతో నడుపుతారు. ఇంధనాన్ని గీత చూసి గాక తూకం వేసి లెక్కిస్తారు. ఆ పద్ధతి తొలి రూపంలో రెండు బండ్ల ఖర్చుల నిష్పత్తి మూడు పర్యాయాలు నూటికి 2 పాళ్ల తేడాలోపు కుదిరితేనే ఆ ఫలితాన్ని పరిగణించేవారు. ఎదురుగాలి, ఎండ, వాన రెండు బండ్లకూ సమానమే కనుక, మిగిలిన తేడా సామానుదే అవుతుంది. ఇంత కష్టపడి సాధించిన ఒక అంకె ముందు, టీ కొట్టు దగ్గర విన్న వంద పొగడ్తలు తూగవు.

బలం లెక్కలలోనూ ఇటువంటి చిక్కు ఉన్నది. ఇంజను బలాన్ని డైనమోమీటరు మీద కొలుస్తారు. ఆ రోజు ఎండ, గాలి ఒత్తిడి ప్రకారం అంకెను ఒక ప్రమాణానికి సవరిస్తారు. ప్రమాణాలు ఒకటికి మించి ఉన్నవి. ఒకే ఇంజనుకు ఒక ప్రమాణం ప్రకారం వచ్చిన అంకె మరొక ప్రమాణం కంటే సుమారు నూటికి 4 పాళ్లు ఎక్కువగా కనబడవచ్చు. అమ్మేవాడు ముందు ఒక ప్రమాణం, తరువాత మరొక ప్రమాణం వాడితే, ఏ సామానూ వేయకుండానే బలం పెరుగుతుంది! అదీగాక ప్రకటనలో వేసే అంకె ఇంజను గరిష్ఠ వేగంలోనిది. లోడుతో ఎత్తు ఎక్కే లారీకి కావలసినది తక్కువ చుట్లలో లాగే శక్తి. ఏ వేగంలో, ఏ ప్రమాణంతో అని చెప్పని అంకె అలంకారమే గాని సాక్ష్యం కాదు.

పేరు చూసి కొంటే సరిపోదా అని కొందరంటారు. కొంతవరకు సరిపోతుంది. 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ స్థాపింపబడి డీజిలు పంపులు, నాజిళ్లు తయారు చేసింది. 2008లో ఆ సంస్థ బాష్ అనే పేరు ధరించినా, మన షెడ్లలో పాత మెకానిక్కులు నేటికీ మైకో పంపు అనే అంటారు. దశాబ్దాల పాటు పనిచేసి సంపాదించుకున్న పేరు అది. అటువంటి పేరు కాలం వ్రాసిన సాక్ష్యం. కాని పేరున్న ప్రతి సరుకుకూ నకిలీ పుడుతుంది. డబ్బా మీది అక్షరాలు అచ్చు వేయడం నాజిల్ కొనను చెక్కడం కంటే ఎంతో సులభం. కనుక పేరును నమ్మినవాడు బిల్లు అడగాలి, అధీకృత విక్రేత దగ్గరే కొనాలి, పాత సామానుతో పక్కపక్కన పెట్టి తూకం, పోత, గుర్తులు చూసుకోవాలి. బిల్లు లేదన్న చోట పొగడ్త ఎంత తీయగా ఉన్నా లేచి రావడం మేలు.

మరొక విధమైన అసత్యం ఉన్నది. అది చెప్పిన మాటలో గాక, చెప్పకుండా విడిచిన మాటలో ఉంటుంది. అమెరికాలో డీజిలు పికప్ ట్రక్కుల యజమానులు పొగను శుభ్రపరచే పరికరాలను తొలగించి, కంప్యూటరు అమరికను మార్చి, బలం పెంచుకోవడం ఒక వేడుకగా సాగింది. 2020లో అక్కడి పర్యావరణ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం ఒక దశాబ్ద కాలంలో అయిదున్నర లక్షలకు పైగా ట్రక్కులు ఇలా మార్చబడినవి. బలం పెరిగిందని ఆ యజమానులు చెప్పిన మాట నిజమే కావచ్చు. ఆ ట్రక్కు వెనుక నడిచిన మనిషి పీల్చిన గాలి మాత్రం ఆ మాటలో లేదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 ప్రమాణాల వల్ల కొత్త లారీలకు పొగ వడపోత, యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు వచ్చినవి. డీజిలులో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుండి 10కి తగ్గించబడింది. ఈ ఏర్పాట్లను తప్పిస్తామని చెప్పే మెకానిక్కులు లేకపోలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఈ సంగతి చెప్పకుండా బలాన్ని మాత్రమే పొగిడేవాడు సగం సాక్షి. సగం సాక్షి పూర్తి అబద్ధీకుని కంటే ప్రమాదకారి, ఎందుకంటే అతడు చెప్పిన సగం నిజమవుతుంది.

వినియోగదారుని రక్షించడానికి ప్రభుత్వాలు ఊరక కూర్చోలేదు. మన దేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది, దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై నుండి అమలైనది. ప్రచారం కోసం కల్పించే అభిప్రాయాలను అరికట్టే ఉద్దేశంతో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని వెలువరించింది. అమెరికాలో 1936లో ఏర్పడిన వినియోగదారుల సంఘం ఒకటి ప్రకటనలు స్వీకరించకుండా, సరుకును అంగడిలో అందరివలె డబ్బు పెట్టి కొని పరీక్షించి, ఫలితాలను తన పత్రికలో ప్రకటిస్తూ వచ్చింది. అమ్మేవాని ఉప్పు తినకుండా అమ్మేవాని సరుకును తూచడమే దాని గొప్పతనం. కాని మా వంటి ఒక్క లారీ ఇంటి గుమ్మం దాకా చట్టం వచ్చేసరికి ఇంజను చల్లారిపోతుంది. మన జాగ్రత్తలో మనం ఉండక తప్పదు.

మా బండి చివరకు ఏమైనదని పాఠకులు అడగవచ్చు. ఉస్తాద్ కొత్త సామాను ఏదీ వేయలేదు. నాజిళ్లను ఊడదీసి, టెస్టరు మీట చేతితో నొక్కి, ఒక్కొక్కటి పొగమంచువలె చిమ్ముతున్నదా, బొట్టు కారుతున్నదా అని మాకు చూపించాడు. ఆరింటిలో రెండు బొట్టు కారుతున్నవి. వాటి కొనలు మార్పించాడు. పంపును కాలిబ్రేషనుకు పంపి కంపెనీ చెప్పిన కొలతకే తెప్పించాడు, ఒక్క చుక్క ఎక్కువ పెట్టించలేదు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు మార్చాడు, టర్బో నుండి ఇంజనుకు పోయే గొట్టంలో చీలిక కనిపెట్టి కొత్తది వేశాడు, టైర్లలో గాలి సరిచేయించాడు. అయిన ఖర్చు ఆ చౌక టర్బో ధరలో సగం కూడా లేదు. పొగ తగ్గింది, ఎత్తులో బండి ఏడుపు మానింది. ఇంతకు ముందే బండిలో ఉన్న బలాన్ని బండికి తిరిగి ఇచ్చాడు, అంతే. అమ్మే వస్తువు ఏదీ లేకపోవడం వల్ల ఈ వైద్యాన్ని అంగడిలో ఎవరూ పొగడరు.

సోదర విద్యార్థులారా! మనలో అనేకులు మెకానిక్కుల, డ్రైవర్ల, చిన్న దుకాణదారుల ఇండ్ల నుండి వచ్చినవారము. మన తండ్రులు, మామలు, ఉస్తాదులు ఉర్దూలోనూ తెలుగులోనూ కలగలిపి చెప్పుకొనే అనుభవం అపారం. ఏ సామాను ఎన్ని వేల కిలోమీటర్లు నిలిచింది, ఏది ఏ కారణాన పోయింది అన్నది వారి నాలుకల మీద ఉన్నది, కాగితం మీద లేదు. వారితోపాటే అది మట్టిలో కలిసిపోతే, తరువాతి తరానికి మిగిలేది అమ్మేవాని పొగడ్త ఒక్కటే. అక్షరం నేర్చిన మనము చేయదగిన పని ఒకటి ఉన్నది. సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఒక పుస్తకం తెరవండి. సామాను పేరు, కొన్న తేదీ, ధర, బిగించిన నాటి కిలోమీటర్లు, ముందు మైలేజి, తరువాత మైలేజి, లోడు, దారి, చివరకు పోయిన నాడు ఎందుకు పోయినది, ఇవన్నీ వ్రాయండి. లాభం వ్రాసినట్లే నష్టమూ వ్రాయండి. ఉర్దూ వచ్చినవారు ఉర్దూలో, తెలుగు వచ్చినవారు తెలుగులో వ్రాయండి, ఒకరిది మరొకరికి చదివి వినిపించండి.

మా వీధిలో ఇప్పటికి నాలుగు బండ్లకు ఇటువంటి పుస్తకాలు ఉన్నవి. నాన్నగారి పుస్తకాన్ని చూసి మిగిలినవారు మొదలుపెట్టారు. బండి అమ్ముకొని జీతానికి పోతున్న ఆ పొరుగువాడు కూడా ఒక సాయంత్రం వచ్చి, చాలాసేపు మౌనంగా కూర్చొని, తన టర్బో సంగతి మొదటి నుండి చివరి దాకా చెప్పి, మా చేత వ్రాయించాడు. ఎన్నవ కిలోమీటరు వద్ద నూనె కారడం మొదలైనదో, ఆ దుకాణంవారు ఏమన్నారో, మరమ్మతుకు ఎంత అడిగారో అన్నీ చెప్పాడు. అది చదివి మరో ఇద్దరు ఆ సామాను కొనడం మానుకున్నారు. మంచి మాట చెప్పేవారు అంగడి నిండా దొరుకుతారు. తాను నష్టపోయి, ఆ నష్టాన్ని పొరుగువాని మేలు కోసం దాచకుండా చెప్పేవాడు దొరకడం అరుదు. వాత్స్యాయనుడు చెప్పిన ఆప్తుడు మా వీధిలో అతడే.